ఎత్తబడుట "ఎప్పుడు" అనే ప్రశ్న ఎప్పుడు పుట్టింది? ప్లిమత్ వివాదము, గోదావరి డెల్టా సేవ

ప్రకటన గ్రంథము తరగతి మొదలైన మొదటి వారంలోనే విద్యార్థులు అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "అయ్యగారూ, సంఘము ఎత్తబడేది మహాశ్రమలకు ముందా, తరువాతా?" అడిగేవారిలో చాలామందికి తమ సంఘంలో నేర్పిన జవాబు ముందే ఉంటుంది. బోధకుడు ఏ పక్షమో తెలుసుకోవడమే వారికి కావలసింది. సంఘాలలోనూ ఇదే పరిస్థితి. కన్వెన్షనుకు ప్రసంగీకుని పిలిచే ముందు, కొత్త కాపరిని నియమించే ముందు పెద్దలు విచారించే సంగతులలో ఇదొకటి. త్రిత్వము, ప్రాయశ్చిత్తము, పునరుత్థానము విషయాలలో ఏ తేడా లేని ఇద్దరు సేవకులు ఈ ఒక్క విషయంలో ఏకీభవించనందున ఒకరి వేదిక మీద ఒకరు నిలబడలేని స్థితి మన మధ్య ఉంది.

ఏ అభిప్రాయం వాక్యానుసారమైనదో తేల్చడానికి ఈ వ్యాసం పూనుకోవడం లేదు. ఆ పనికి పెద్ద పెద్ద గ్రంథాలే ఉన్నాయి. ఇక్కడ అడుగుతున్నది చారిత్రకమైన ప్రశ్న. "ఎప్పుడు" అనే మాట మీద విశ్వాసులు ఎప్పటి నుండి వేరుపడడం మొదలుపెట్టారు? ఎందుకు? ఆ మొదటి విభేదం తలెత్తిన చిన్న గుంపులోని ఒక సహోదరుడే గోదావరి డెల్టాకు తొలి మిషనరీలను వెంటబెట్టుకొని వచ్చారు. కాబట్టి ఇది పరాయి దేశపు చరిత్ర అని తెలుగు సంఘము పక్కన పెట్టలేదు.

మాట, దాని అర్థము

మనం "ఎత్తబడుట" అని చెప్పుకునేది తెలుగు బైబిలులో 1 థెస్స. 4:17లో "కొనిపోబడుదుము" అని ఉంది. మూలంలో "హర్పజో" అనే గ్రీకు క్రియ. ఒక్కసారిగా, బలముతో పట్టుకొనిపోవుట అని దాని భావం. ప్రభువు ఆత్మ ఫిలిప్పును కొనిపోయిన చోటా (అపొ. 8:39), పౌలు మూడవ ఆకాశమునకు కొనిపోబడిన మనుష్యుని గూర్చి చెప్పిన చోటా (2 కొరింథీ. 12:2) ఇదే క్రియ కనిపిస్తుంది. లాటిను అనువాదంలో దీనికి వాడిన "రాపియేముర్" అనే రూపం నుండే ఇంగ్లీషువారి "రాప్చర్" వచ్చింది. "ఆ మాట బైబిలులోనే లేదు" అని కొందరు తేలికగా కొట్టివేస్తుంటారు. ఆ వాదన నిలవదు. సంఘటనను ఏ పక్షమూ కాదనడం లేదు. తగాదా అంతా క్రమం గురించే. క్రీస్తు విరోధి ఏలుబడి, మహాశ్రమలు, ప్రభువు ప్రత్యక్షత, వీటి మధ్య ఈ కొనిపోబడుట ఎక్కడ ఉంటుంది? శ్రమలకు ముందే అనేవారిని ఈ వ్యాసంలో పూర్వశ్రమవాదులనీ, శ్రమల తరువాత అనేవారిని శ్రమానంతరవాదులనీ పిలుద్దాం.

ఆ వచనంలోనే ఉన్న "ఎదుర్కొనుట" అనే మాట మీద కూడా ఒక క్షణం ఆగాలి. నేటి వార్తాపత్రికల తెలుగులో ఎదుర్కోవడమంటే శత్రువునో కష్టాన్నో తట్టుకొని నిలబడడం. మన బైబిలు అనువాదకులు వాడింది పాత అర్థంలో: గౌరవంగా ఎదురువెళ్ళడం. మన పెండ్లిండ్లలో ఎదురుకోలు ఇంకా ఉంది కదా. మగపెండ్లివారు ఊరి పొలిమేరకు రాగానే ఆడపెండ్లివారు మేళతాళాలతో ఎదురేగి వారిని విడిదికి తీసుకొని వస్తారు. గ్రీకులో ఈ మాట "అపాంతేసిస్". పెండ్లికుమారుని ఎదుర్కొన వెళ్ళిన కన్యకల విషయంలోనూ (మత్తయి 25:6), రోమా నుండి అప్పీయా సంతపేట వరకు పౌలుకు ఎదురువచ్చిన సహోదరుల విషయంలోనూ (అపొ. 28:15) అదే మాట. ఎదురువెళ్ళినవారు వచ్చే వ్యక్తితో కలిసి వెనుకకు తిరుగుతారు గనుక సంఘము ప్రభువుతో కూడ భూమికే వస్తుందని శ్రమానంతరవాదులు అంటారు. ఎదురువెళ్ళుటను మాత్రమే ఆ మాట చెబుతుంది, ఆ తరువాత ఏ దిక్కుకు అనేది చెప్పదు, యోహాను 14:3లో ప్రభువు తన వారిని తనయొద్దకు చేర్చుకుంటానన్నాడు అని పూర్వశ్రమవాదులు బదులు చెబుతారు. ఒక్క మాట మీద ఇంత భవనం కట్టలేమని నాకనిపిస్తుంది.

ప్రశ్నకే తావు లేని శతాబ్దాలు

రెండవ శతాబ్దపు యుస్తీను, ఇరేనియసు, వారి తరువాత తెర్తుల్లియను, హిప్పోలీతు వంటి పితరులు వెయ్యేండ్ల పాలన కోసం అక్షరార్థంగా ఎదురుచూశారు. అయితే వారి దృష్టిలో సంఘము క్రీస్తు విరోధిని చూస్తుంది, అతని చేత శ్రమపడుతుంది. ఇరేనియసు తన గ్రంథం ఐదవ భాగం 26వ అధ్యాయంలో అంత్యకాలపు పదిమంది రాజులు సంఘమును పారదోలుతారని రాశారు. అదే భాగం 29వ అధ్యాయంలో సంఘము హఠాత్తుగా కొనిపోబడుటను ప్రస్తావించే వాక్యం ఒకటుంది. పూర్వశ్రమవాదులు దానిని తమకు సాక్ష్యంగా చూపుతుంటారు. కానీ ముందూ వెనుకా చదివినవారికి ఆయన లెక్క శ్రమానంతరమేనని తెలుస్తుంది. ఐదవ శతాబ్దంలో అగస్టీను వెయ్యేండ్లను సంఘ యుగానికే అన్వయించాక, పాశ్చాత్య సంఘంలో ఈ చర్చ చాలావరకు సద్దుమణిగింది. లూథరువారి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన (1530) 17వ అధికరణం, పునరుత్థానానికి ముందే భక్తులు భూరాజ్యం ఏలుతారనే బోధను త్రోసిపుచ్చింది.

సంస్కరణ తరువాత రాకడను గూర్చి ఎంతో ఆసక్తిగా రాసిన ప్రొటెస్టెంటు వ్యాఖ్యాతలు కూడా "సంఘము శ్రమలకు ముందా, తరువాతా" అని అడగలేదు. దీనికి కారణం ముఖ్యమైనది. వారికి పోపు వ్యవస్థే క్రీస్తు విరోధి. ప్రకటన గ్రంథంలోని 1260 దినములను 1260 సంవత్సరాలుగా లెక్కించి, ఆ శ్రమకాలం మధ్యలోనే సంఘము ఇప్పటికే ఉన్నదని వారు నమ్మారు. శ్రమలు జరుగుతూ ఉన్న చరిత్రే అయినప్పుడు, వాటికి ముందే ఎత్తబడతామా అనే ప్రశ్న పుట్టే అవకాశమే లేదు. మహాశ్రమలు ఇంకా రావలసిన ఏడేండ్లు అని నమ్మినప్పుడే ఆ ప్రశ్నకు చోటు దొరుకుతుంది. కాబట్టి "1800 ఏళ్ళు ఎవరికీ తట్టని బోధ" అని పూర్వశ్రమవాదాన్ని ఎగతాళి చేసేవారు ఒక సంగతి మరచిపోతున్నారు: ఆ ప్రశ్నకు ఈనాటి శ్రమానంతరవాదులు ఇచ్చే జవాబు కూడా, నేటి రూపంలో, అదే కాలంలో తయారైంది.

భవిష్యద్దృష్టి వైపు ఆ మళ్ళింపు 1820లలో వచ్చింది. అంతకు ముందు ఫ్రెంచి విప్లవం ఐరోపాను కుదిపేసింది. 1798లో ఫ్రెంచి సైన్యం పోపును బందీగా తీసుకొనిపోయినప్పుడు ప్రవచనాలు చదివేవారి ఇండ్లలో పెద్ద కదలిక వచ్చింది. 1826లో ఎస్. ఆర్. మెయిట్‌లాండ్ దినమును సంవత్సరముగా లెక్కించే పద్ధతినే ప్రశ్నిస్తూ ఒక పుస్తకం ప్రచురించారు. 1827లో ఎడ్వర్డ్ ఇర్వింగ్, చిలీ దేశానికి చెందిన యేసు సభ యాజకుడు మాన్యుయేల్ లకూంజా రాసిన గ్రంథాన్ని స్పానిషు నుండి ఇంగ్లీషులోకి తెచ్చారు. లకూంజా దానిని ఒక యూదు విశ్వాసి పేరు పెట్టుకొని రాశారు. 1826 నుండి హెన్రీ డ్రమ్మండ్ గారి ఆల్బరీ గృహంలోనూ, 1831 నుండి 1833 వరకు ఐర్లాండులో లేడీ పవర్స్‌కోర్ట్ గృహంలోనూ ప్రవచన సమావేశాలు జరిగాయి.

పవర్స్‌కోర్ట్‌కు వచ్చినవారిలో జాన్ నెల్సన్ డార్బీ ఒకరు. 1800లో లండన్‌లో పుట్టి, న్యాయశాస్త్రం చదివి, దానిని విడిచి, ఐర్లాండు సంఘంలో పాదిరిగా విక్లో కొండల్లో పేద జనుల మధ్య పనిచేశారు. 1827లో గుర్రం వల్ల జరిగిన ప్రమాదంలో గాయపడి మంచం పట్టినప్పుడు, పరలోకమందు కూర్చుండియున్న క్రీస్తుతో సంఘము ఏకమైయున్నదనే సత్యం తనకు బోధపడిందని ఆయన తరువాత రాశారు. ఆయన మిగిలిన సిద్ధాంతమంతా అక్కడి నుండి పెరిగింది. సంఘము పరలోక సంబంధమైనది, ఇశ్రాయేలు భూసంబంధమైనది. దానియేలు 9వ అధ్యాయంలోని డెబ్బదియవ వారము ఇశ్రాయేలుది. అలాగైతే ఆ వారంలో సంఘమునకు భూమి మీద పని లేదు. ఆయనకు ఈ "ముందే" అనేది క్యాలెండరులో ఒక గీత మాత్రమే కాదు. సంఘమంటే ఏమిటి అనే ప్రశ్నకు అది జవాబులో భాగం. ఆయన దానిని అంత గట్టిగా ఎందుకు పట్టుకున్నారో దీనిని బట్టి తెలుస్తుంది.

మూలం గురించిన రెండు కథలు

ఈ బోధ ఎక్కడ నుండి వచ్చింది అనే విషయంలో మన వైపు కూడా తరచూ వినిపించే కథలు రెండు ఉన్నాయి. ఆ రెంటినీ కలిపివేయడం వల్ల చాలా అయోమయం ఏర్పడింది. గ్రీకు క్రొత్త నిబంధన పాఠాన్ని సరిచూడడంలో జీవితం ధారపోసిన శామ్యూల్ ట్రెగెల్లెస్, 1864లో రాకడ నిరీక్షణను గూర్చి రాసిన పుస్తకంలో, రహస్య రాకడ బోధ ఇర్వింగ్ గారి సంఘంలో ఆత్మ వాక్కుగా పలికిన మాట నుండి వచ్చిందని ఆరోపించారు. రెండవ కథ చాలా ఇటీవలిది. 1973 నుండి డేవ్ మెక్‌ఫర్సన్ అనే అమెరికా రచయిత, స్కాట్లాండులోని పోర్ట్ గ్లాస్గోలో మార్గరెట్ మెక్‌డోనాల్డ్ అనే యువతి 1830లో చూసిన దర్శనమే దీనికి మూలమని వరుసగా పుస్తకాలు రాశారు.

ఆ దర్శనపు పాఠం 1840లో రాబర్ట్ నార్టన్ ప్రచురించిన పుస్తకంలో ఉంది. ఎవరైనా చదువుకోవచ్చు. అందులో ఆమె సంఘము మీదికి రాబోయే అగ్నివంటి శోధనను గూర్చీ, దానిలో నిలబడుటకు ఆత్మతో నింపబడవలసిన అవసరాన్ని గూర్చీ చెబుతుంది. శ్రమలకు ముందే తప్పించుకొనిపోవుట అందులో స్పష్టంగా లేదు. డార్బీ 1830లో పోర్ట్ గ్లాస్గోకు స్వయంగా వెళ్ళి ఆ వరాల ప్రదర్శనను చూశారు. చూసి ఒప్పుకోలేదు. మరి డార్బీకి ఈ వివరం ఎక్కడిది? ఆయన రచనలను సంకలనం చేసిన విలియం కెల్లీ ప్రకారం, 2 థెస్స. 2:1-2ను చూడవలసిన తీరును ట్వీడీ అనే ఒక సహోదరుడు ఆయనకు సూచించాడు. అంటే దర్శనం కంటే బల్ల మీద బైబిలు తెరచి ఇద్దరు మనుష్యులు మాట్లాడుకోవడమే ఇందులో ఎక్కువగా కనిపిస్తుంది.

వ్యతిరేక పక్షం చేసిన పొరపాటు ఇలాంటిదే. కొత్త బోధ అనే నింద పోగొట్టుకోవడానికి పూర్వశ్రమవాదులు పాత సాక్షుల కోసం వెదికారు. 1788లో ఫిలడెల్ఫియాలో అచ్చయిన మోర్గన్ ఎడ్వర్డ్స్ అనే బాప్టిస్టు కాపరి పుస్తకం నిజంగానే ఆసక్తికరమైనది. ఆయన ఎత్తబడుటకూ వెయ్యేండ్ల పాలనకూ నడుమ మూడున్నర సంవత్సరాల ఎడం పెట్టారు. ఎఫ్రేము పేరు మీద చలామణి అయిన లాటిను ప్రసంగం ఒకటి 1990లలో చాలా ప్రచారానికి వచ్చింది. కానీ దాని కాలమూ, రచయితా, అర్థమూ అన్నీ వివాదాస్పదాలే. ఒక బోధ ఎవరి నోట మొదట వచ్చిందో తెలుసుకోవడం చరిత్రకారునికి అవసరం. అది సత్యమో కాదో మాత్రం దానితో తేలదు. బెరయవారు పౌలు మాట ఎంత పాతదని విచారించలేదు, లేఖనములు పరిశోధించారు (అపొ. 17:11).

ప్లిమత్‌లో ఇద్దరు స్నేహితులు

బెంజమిన్ విల్స్ న్యూటన్ (1807-1899) ఆక్స్‌ఫర్డ్‌లోని ఎక్సిటర్ కళాశాల పండితుడు. డార్బీని 1830లో ఆక్స్‌ఫర్డ్‌లో కలిసి, తాను ఉంటున్న ప్లిమత్ పట్టణానికి రప్పించింది ఆయనే. అక్కడ ఏర్పడిన సహవాసం పేరు మీదనే లోకం వారిని "ప్లిమత్ బ్రెదరెన్" అని పిలిచింది. ఇద్దరూ వెయ్యేండ్ల పాలనకు ముందు ప్రభువు రాకడను నమ్మారు. ఇద్దరూ మహాశ్రమలు భవిష్యత్తులోనివని నమ్మారు. అయితే సంఘము ఆ శ్రమల గుండా వెళ్తుందని న్యూటన్ నమ్మకం.

న్యూటన్ భయం కూడా చిన్నది కాదు. మత్తయి 24వ అధ్యాయం సంఘమునకు కాదు, శ్రమకాలంలోని యూదు శేషమునకు అని ఒప్పుకుంటే, ప్రభువు శిష్యులకు నేర్పిన దానిలో ఇంకెంత భాగం మనకు కాకుండా పోతుంది? సువార్తలనే చేజార్చుకుంటాము అని ఆయన ఆందోళన చెందారు. డార్బీ సంఘము యొక్క పరలోక పిలుపును కాపాడాలనుకున్నారు. న్యూటన్ సువార్తలను సంఘమునకు కాపాడాలనుకున్నారు. ఇద్దరి చేతిలోనూ విలువైనదే ఉంది. ఈ సంగతిని గమనించకుండా ఈ వివాదాన్ని ఇద్దరు అహంకారుల పోట్లాటగా చెప్పే పుస్తకాలతో నేను ఏకీభవించలేను. అహంకారం లేదని అనడం లేదు.

1844లో న్యూటన్ ప్రకటన గ్రంథాన్ని గూర్చి తన ఆలోచనలు పుస్తకంగా వెలువరించారు. దానికి డార్బీ పేజీలకొద్దీ విమర్శ రాశారు. కానీ ఆ కథలోకి వెళ్ళే ముందు, ఎనిమిదేండ్లు వెనుకకు, వేల్స్ తీరంలోని ఒక ఓడరేవుకు వెళ్ళాలి.

మిల్‌ఫర్డ్ హేవెన్ నుండి ఒక ఉత్తరం

ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ ఎక్సిటర్‌లో దంతవైద్యుడు. చేతినిండా సంపాదన. 1825లో "క్రైస్తవ సమర్పణ" అనే చిన్న పుస్తకం రాసి, అందులో చెప్పినట్టే తన ఆస్తిని విడిచిపెట్టారు. డబ్లిన్‌లో డార్బీ తదితరులు రొట్టె విరుచుటకు కూడుకొన్న తొలినాళ్ళలో, ఏ సంఘ శాఖ నియామకమూ లేకుండానే విశ్వాసులు కలిసి బల్లలో పాలుపొందవచ్చునన్న ఆలోచనకు ప్రేరకులలో ఆయన ముఖ్యుడు. 1829లో బాగ్దాదుకు వెళ్ళారు. 1831లో ప్లేగు వచ్చింది, ఆయన భార్య మేరీ ఆ ప్లేగులోనే మరణించారు. 1833లో భారతదేశం వచ్చి, పని ఎంత ఉందో చూసి, పనివారి కోసం ఇంగ్లాండుకు తిరిగి వెళ్ళారు. జార్జ్ ముల్లర్ ఆయన చెల్లెలి భర్త.

1836లో మళ్ళీ బయలుదేరినప్పుడు ఆయనతో పాటు ఓడ ఎక్కినవారిలో డెవన్ జిల్లా నుండి రెండు దంపతుల జంటలు ఉన్నాయి. విలియం బౌడెన్ రాతిపనివాడు, జార్జ్ బీర్ చెప్పులు కుట్టే వృత్తివాడు. వీరే నరసాపురం వచ్చి తెలుగు నేర్చుకొని గోదావరి డెల్టా సేవను ప్రారంభించినవారు.

ఓడ ఎక్కేముందు, 1836 మార్చి 10న, మిల్‌ఫర్డ్ హేవెన్ నుండి గ్రోవ్స్ డార్బీకి ఒక ఉత్తరం రాశారు. గ్రోవ్స్ మరణం తరువాత ఆయన భార్య ప్రచురించిన జీవితచరిత్రలో ఆ ఉత్తరం ఉంది. అందులో ఎత్తబడుట కాలాన్ని గూర్చి చర్చ లేదు, ఆ సంగతి స్పష్టంగా చెప్పాలి. ఉన్నది అంతకంటే మూలమైన విషయం. మనం మొదట కూడుకొన్నప్పుడు మన సహవాసానికి ఆధారం క్రీస్తులో అందరికీ ఉన్న ఒకే జీవము. ఇప్పుడు మీరు ఆ ఆధారాన్ని విడిచి, ఎవరికి ఎంత వెలుగు ఉన్నదనే దాని మీద సహవాసాన్ని కట్టడానికి కదులుతున్నారు. అలా చేస్తే మీరు దేనికి సాక్షులో దాని కంటే దేనికి వ్యతిరేకులో దానిని బట్టే మీకు పేరు వస్తుంది. చివరికి మనుష్యుల అధికారమే మీ మీద బరువుగా కూర్చుంటుంది. ఇతరుల తప్పులను భరించి అయినా వారిలోని మంచితో కలిసి ఉండడమే తనకు ఇష్టమని ఆయన భావం. కోపంతో రాసిన ఉత్తరం కాదది. చదివితే స్నేహితుని పట్ల దుఃఖం కనిపిస్తుంది.

తేదీని జాగ్రత్తగా చూడాలి. అప్పటికి పవర్స్‌కోర్ట్ సమావేశాలలో అభిప్రాయభేదం బయటపడి మూడేండ్లు. ప్లిమత్ చీలికకు ఇంకా తొమ్మిదేండ్లు. ఎత్తబడుట విషయంలో వేరు వేరు నమ్మకాలు గలవారు ఒకే బల్ల దగ్గర కూర్చుంటున్న చివరి సంవత్సరాలవి. బౌడెన్, బీర్ దంపతులు ఆ ఇంగ్లాండు నుండి బయలుదేరారు.

1845, 1847, 1848

స్విట్జర్లాండులో చాలాకాలం సేవ చేసి 1845లో డార్బీ ప్లిమత్ తిరిగి వచ్చారు. ఎబ్రింగ్టన్ వీధి సంఘంలో న్యూటన్ పెద్దరికం సాగుతోంది. ఆయన సంఘాన్ని పాదిరి పద్ధతిలో తన చేతిలోకి తీసుకున్నారనీ, తన ప్రవచన బోధకు భిన్నమైనవారిని దూరం పెడుతున్నారనీ డార్బీ ఆరోపించారు. ఆరోపణ పూర్తిగా నిరాధారం కాదు. న్యూటన్ శ్రమానంతరవాదాన్ని ప్లిమత్‌లో ఏకైక బోధగా నిలబెట్టడానికి శ్రమించారు. అనగా "కాలము" విషయంలో ఏకాభిప్రాయాన్ని బలవంతం చేసినవారు రెండు వైపులా ఉన్నారు. ఆ సంవత్సరం చివర డార్బీ వేరుగా రొట్టె విరిచే కూడిక ప్రారంభించారు.

1847లో విషయం ఇంకా తీవ్రమైనది. కీర్తనల మీద న్యూటన్ చేసిన ప్రసంగపు నోట్సు ప్రతిపక్షం చేతికి వచ్చింది. శరీరధారియైన క్రీస్తు సిలువకు ముందే, ఇశ్రాయేలుతోను పతనమైన మానవాళితోను తనకున్న సంబంధమును బట్టి, దేవుని ఉగ్రత క్రింద ఉన్నట్టు అందులో మాటలు ఉన్నాయి. ఇది నిజంగా గురుతరమైన లోపం. న్యూటన్ ఆ సంవత్సరమే తప్పు ఒప్పుకొని ఆ మాటలను ఉపసంహరించుకొని, ప్లిమత్ విడిచి వెళ్ళిపోయారు. ఒప్పుకోలు చాలదని డార్బీ పక్షం భావించింది.

1848లో బ్రిస్టల్‌లోని బెతెస్దా సంఘము, ప్లిమత్‌లో న్యూటన్‌తో సహవాసం చేసిన కొందరిని వ్యక్తిగతంగా పరీక్షించి చేర్చుకుంది. అక్కడి కాపరులు ముల్లర్, హెన్రీ క్రేక్. పరీక్షించినవారికి తప్పుడు బోధ ఉంటే చేర్చుకోము, లేనివారిని ఎక్కడ నుండి వచ్చారనే కారణం చేత త్రోసివేయలేము అని వారి వాదన. డార్బీ 1848 ఆగస్టు 26న ఒక లేఖ జారీ చేసి, బెతెస్దా నుండి వచ్చేవారిని చేర్చుకునే సంఘాలతో కూడా సహవాసం తెంచుకున్నారు. ఆ తరువాత బెతెస్దా న్యూటన్ బోధను పరిశీలించి ఖండించింది. అయినా గాయం మానలేదు. విశాల సహోదరులు, ప్రత్యేక సహోదరులు అనే విభజన అప్పటిది.

ఆ చీలికకు కారణం ఎత్తబడుట కాలమా? కాగితం మీద కాదు. సంఘ పరిపాలన, తరువాత క్రీస్తు వ్యక్తిత్వము, ఇవే రాసుకొన్న కారణాలు. అయితే ఇద్దరి మధ్య నమ్మకం తెగిపోవడం ప్రవచన విషయంలో మొదలైంది. కీర్తనల ప్రసంగం బయటికి రాకముందే ఒకరినొకరు అనుమానంతో చదువుకోవడం అలవాటైపోయింది. మన సంఘాల చీలికలలో కూడా రాసుకొన్న కారణం వేరు, మొదటి కారణం వేరు అనే సంగతి కాపరులకు నేను చెప్పనక్కర్లేదు.

ముల్లర్ విషయం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. ఆయన డార్బీ రెండు దశల రాకడను అంగీకరించలేదు. 2 థెస్స. 2:3 ప్రకారం భ్రష్టత్వమూ పాపపురుషుడూ ముందు రావాలని ఆయన నమ్మారు. వేలాది అనాథలను ప్రార్థన మీద పోషించిన ఆ విశ్వాసి జీవితకథను తెలుగు సంఘాలన్నీ ప్రేమతో చెప్పుకుంటాయి. ఈ నమ్మకం గలవారిని వేదిక ఎక్కనివ్వని చోట కూడా ఆయన కథను ఉదాహరణగా చెబుతారు.

నోట్సు పేజీ అడుగున

డార్బీ 1862 నుండి 1877 లోగా ఏడుసార్లు ఉత్తర అమెరికా వెళ్ళారు. అక్కడ ఆయన సంఘ సిద్ధాంతం కంటే ప్రవచన సిద్ధాంతమే ఎక్కువగా నాటుకొంది. ప్రెస్బిటేరియను, బాప్టిస్టు కాపరులు తమ సంఘాలలోనే ఉండి దానిని స్వీకరించారు. 1878లో విలియం బ్లాక్‌స్టోన్ రాసిన "యేసు వచ్చుచున్నాడు" అనే చిన్న పుస్తకం దానిని సామాన్యుల దగ్గరికి చేర్చింది. కానీ నయాగరా బైబిలు సమావేశాల నాయకులలోనే విభేదం వచ్చింది. నథానియేల్ వెస్ట్, రాబర్ట్ కామెరాన్ వంటివారు ఏ క్షణమైనా రాకడ అనే సిద్ధాంతం లేఖనాలలో లేదని రాశారు. 1900 తరువాత ఆ సమావేశాలే ఆగిపోయాయి.

1909లో సైరస్ స్కోఫీల్డ్ నోట్సుతో బైబిలు వెలువడింది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం దానిని అచ్చువేసింది. దీని ప్రభావానికి నోట్సు ఉన్న చోటే కారణం. వేరే పుస్తకంలోని వ్యాఖ్యానాన్ని పాఠకుడు వ్యాఖ్యానమని గుర్తిస్తాడు. వచనం కిందనే, అదే పేజీలో, అదే నల్లని సిరాతో ఉన్న నోట్సును ఎక్కడ వాక్యం ముగిసి ఎక్కడ మనుష్యుని మాట మొదలైందో చూసుకొని చదివేవారు కొద్దిమందే. 1918లో క్లారెన్స్ లార్కిన్ పటాలతో కూడిన గ్రంథం వచ్చింది. నా చిన్నతనంలో కన్వెన్షను పందిళ్ళలో వేలాడదీసిన గుడ్డ పటం మీద రంగురంగుల వలయాలు, బాణాలు చూసినప్పుడు, ఆ పైకి వెళ్ళే బాణం కూడా బైబిలులో ఉన్నదనే అనుకున్నాను. బాణాన్ని గీసినవారు ఉన్నారని తెలియడానికి సెమినరీకి రావలసి వచ్చింది.

ఆ తరువాతి చరిత్ర విద్యార్థులకు తెలిసినదే. 1956లో జార్జ్ లాడ్, 1957లో జాన్ వాల్‌వోర్డ్ రాసిన పుస్తకాలు రెండు పక్షాలకూ పాఠ్యగ్రంథాలయ్యాయి. 1973లో రాబర్ట్ గండ్రీ, 1990లో ఉగ్రతకు ముందే అనే మరో వాదంతో మార్విన్ రోసెంతాల్ వచ్చారు. ప్రకటన 3:10లోని "కాపాడెదను" అనే మాటకూ, యోహాను 17:15లో లోకములో నుండి తీసికొనిపొమ్మని కాదు గాని కాపాడుమని ప్రభువు చేసిన ప్రార్థనకూ గ్రీకులో క్రియ, విభక్తి ఒకటే కావడం మీద ఎన్నో పేజీలు రాశారు. 2019లో అమెరికాలోని ఎవాంజెలికల్ ఫ్రీ చర్చి తన విశ్వాస ప్రకటనలో రాకడకు ముందున్న "వెయ్యేండ్లకు పూర్వము" అనే విశేషణాన్ని తీసివేసి, "మహిమగల" అనే మాట పెట్టింది.

నరసాపురం

తెలుగు నేల మీద ఈ విషయంలో ఒకే బోధ ఎప్పుడూ లేదు. 1840లో నెల్లూరు వచ్చిన బాప్టిస్టులు, 1842లో గుంటూరు వచ్చిన లూథరనులు, వారికి ముందే గోదావరి డెల్టాకు వచ్చిన సహోదరులు, ఎవరి ఒప్పుకోలు వారు వెంట తెచ్చుకున్నారు. ఆగ్స్‌బర్గ్ 17వ అధికరణాన్ని ఒప్పుకొన్న సంఘమూ, రహస్య రాకడను ప్రకటించే సంఘమూ ఒకే తాలూకాలో పక్కపక్కనే ఎదిగాయి. జయించినవారు మాత్రమే మొదట ఎత్తబడతారనే బోధ కూడా మనకు కొత్త కాదు. 19వ శతాబ్దంలో ఇంగ్లాండులో రాబర్ట్ గోవెట్ దానిని వివరంగా రాశారు. "సిద్ధపడినవారు", "పెండ్లికుమార్తె" అనే మాటలతో ఆ ధోరణి మన ప్రార్థన కూడికల్లో వినబడుతూనే ఉంటుంది. వీరందరూ క్రిస్మస్‌కు కలుస్తారు. భూస్థాపన కూడికలో సమాధి దగ్గర నిలబడి 1 థెస్స. 4వ అధ్యాయాన్నే చదువుతారు. ఆ అధ్యాయాన్ని పౌలు రాసింది కూడా నిద్రించినవారిని గూర్చి దుఃఖపడుతున్న సంఘానికే.

గ్రోవ్స్ 1837 నుండి చిత్తూరులో స్థిరపడి, తన చేతుల కష్టంతో సేవను పోషించుకోవాలని వ్యవసాయం, పట్టుపురుగుల పెంపకం ప్రయత్నించి అప్పులపాలయ్యారు. 1853 మే 20న బ్రిస్టల్‌లో ముల్లర్ ఇంట్లో ప్రభువునందు నిద్రించారు. అదే సంవత్సరం జార్జ్ బీర్ చనిపోయారు. విలియం బౌడెన్ తాను వచ్చిన డెల్టాలోనే 1876 వరకు సేవ చేశారు. ఆయన పోయేనాటికి స్కోఫీల్డ్ ఇంకా మారుమనస్సు పొందలేదు. ఆయన నోట్సు అచ్చు కావడానికి ఇంకా 33 ఏళ్ళు ఉంది.